మూడవనాటి మబ్బు

కేతువుల ఉదయాస్తమయములు గణితముచేత తెలియరానివని వరాహమిహిరుడు ఆరవ శతాబ్దిలోనే తన బృహత్సంహితయందు చెప్పియున్నాడు. గ్రహణములను ఘడియ విఘడియలతో లెక్కకట్టగలిగిన దేశమున ఒక మహాజ్యోతిర్వేత్త తన శాస్త్రమునకు గల హద్దును దాచక ఒప్పుకొనుట గమనింపదగిన విషయము. ఆ మాటలో సగము నేటికిని సత్యమే. కొత్త తోకచుక్క ఎప్పుడు, ఆకాశమున ఏ మూల పొడచూపునో ముందుగా చెప్పగల గణకుడు ఎచ్చటను లేడు. అయితే పొడచూపిన పిమ్మట అది పోవు దారిని, మరల వచ్చునో రాదో అను సంగతిని నేడు లెక్కవేయవచ్చును. ఆ లెక్కకు కావలసిన పెట్టుబడి స్వల్పము. తోకచుక్కను కనీసము మూడు వేర్వేరు దినములు చూడవలెను. చూచిన ప్రతిసారి అది ఉన్న తావును సరిగా కొలిచి, వేళతోసహా వ్రాసి యుంచవలెను.

రెండు దినములు చాలవా అని అడుగువారికి 1872వ సంవత్సరమున చెన్నపట్టణములో జరిగిన ఉదంతమే సమాధానము. మద్రాసు రాజధానిలో కోస్తా, రాయలసీమ జిల్లాలు చేరియున్న కాలమది. నుంగంబాకములోని ప్రభుత్వ వేధశాల మనవారికిని వేధశాలయే.

కథ ఆరంభమైనది మాత్రము యూరపులో. 1826 ఫిబ్రవరి 27వ తేదీన బొహీమియాలోని యోసెఫ్‌స్టాట్ కోటలో ఆస్ట్రియా సైన్యమునకు చెందిన విల్‌హెల్మ్ ఫాన్ బీలా అను ఉద్యోగి మసకగానున్న ఒక తోకచుక్కను కనుగొనెను. పది దినముల తరువాత మార్సెయిల్సులో గాంబార్ట్ అను ఖగోళవేత్తయు దానిని చూచెను. ఇద్దరును కక్ష్యను లెక్కవేసి, 1772లోను 1805లోను కనబడినది ఈ తోకచుక్కయేనని తేల్చిరి. ఆరేండ్ల తొమ్మిది నెలలకు ఒకసారి సూర్యుని చుట్టివచ్చు ఈ వస్తువునకు బీలా పేరు స్థిరపడెను. 1805లో దానిని చూచిన జాన్ లూయీ పాన్సు గురించి ఇచ్చట ఒక మాట చెప్పకుండుట న్యాయము గాదు. ఆయన 1789లో మార్సెయిల్సు వేధశాలలో ద్వారపాలకుడుగా కొలువున చేరినవాడు. ఆ చిన్న ఉద్యోగి తన జీవితకాలములో 37 తోకచుక్కలను కనుగొనెను. కంటితో వెదకి పట్టుకొనుటలో ఆయనను మించినవారు నేటివరకు లేరని చెప్పుట అతిశయోక్తి కాదు. లెక్కలు మాత్రము ఇతరులు వేసిరి.

బీలా తోకచుక్క 1832లో లెక్కప్రకారము వచ్చెను. దాని దారి భూమి నడచు దారికి మిక్కిలి చేరువగా పోవునని తెలిసి ఐరోపా ప్రజలు కొంత కలవరపడిరి. అది ఆ చోటును దాటిన నెలనాళ్లకుగాని భూమి అచ్చటికి చేరదని గణకులు నచ్చజెప్పవలసి వచ్చెను. 1846 జనవరిలో మరియొక వింత జరిగెను. తోకచుక్క చూచుచుండగనే రెండుగా చీలెను. 1852లో ఆ రెండు తునకలును ఒకదానికొకటి ఇరువదిలక్షల కిలోమీటర్లకు మించిన ఎడముతో తిరిగివచ్చెను. అటుపిమ్మట లేదు. 1859లో చూచుటకు అనుకూలము కానందున ఎవరును నిరాశపడలేదు. కాని 1866లో తప్పక కనబడవలసియున్నను, ఎన్ని దుర్భిణులతో గాలించినను జాడ దొరకలేదు.

1872 నవంబరు 27వ తేదీ రాత్రి యూరపు ఆకాశమునుండి ఉల్కలు చినుకులవలె రాలినవి. ఇటలీలో మాంకలియెరియందు నలుగురు కూర్చుండి ఆరున్నర గంటలలో 30 వేలకు పైగా లెక్కించిరి. ఉల్కలన్నియు ఆండ్రోమెడా అను తారామండలములోని ఒక చోటినుండి నలుదిక్కులకు విరజిమ్మినట్లు కనబడెను. దూరమున ఒక్క బిందువులో కలియునట్లు తోచు రైలుపట్టాలు దగ్గరకు వచ్చుకొలది విడిపోవునట్లు, సమాంతరముగా వచ్చు ఉల్కలు చూచువానికి ఒక్క చోటినుండియే పుట్టినట్లు తోచును. ఆ చోటును బట్టి అవి ఏ దిక్కునుండి వచ్చినవో చెప్పవచ్చును. ఆ దిక్కు బీలా తోకచుక్క దారియే.

జర్మనీలో గాటింగెన్ నగరపు ఖగోళవేత్త క్లింకర్‌ఫ్యూసునకు ఒక సాహసమైన ఊహ కలిగెను. ఉల్కలతో కూడ తోకచుక్కయు భూమిని రాసుకొని పోయియుండవలెను. అట్లయిన అది ఆండ్రోమెడా దిక్కునుండి వచ్చి, సరిగా దానికి ఎదురుదిక్కునకు పోవుచుండవలెను. ఆ ఎదురుదిక్కు దక్షిణాకాశములో సెంటారస్ మండలమందలి థీటా అను చుక్క దాపున పడినది. ఆ చుక్క గాటింగెన్‌లో నేలకు అంటుకొన్నట్లు మాత్రమే లేచును. అచ్చటినుండి వెదకుట వృథా. చెన్నపట్టణమున ఆ చుక్క తెల్లవారుజామున ఆగ్నేయమున బాగుగా పైకి వచ్చును. అందువలన ఆయన చెన్నపట్టణమునందలి ప్రభుత్వ ఖగోళవేత్త నార్మన్ రాబర్ట్ పోగ్సనునకు తంతి కొట్టెను. బీలా 27వ తేదీన భూమిని తాకినది, థీటా సెంటారీ దగ్గర వెదకుడు అని దాని సారాంశము. ఖర్చుకు జంకి కూర్చినట్టి వార్త. కాని అందు అనవసరమైన మాట ఒక్కటియు లేదు.

కొత్త తోకచుక్క విషయమున వార్త చేరు వేగము ఎంత ముఖ్యమో పూర్వులు ఎరుగుదురు. 1797 ఆగస్టులో కేరొలిన్ హెర్షెల్ అను విదుషి తన ఎనిమిదవ తోకచుక్కను కనుగొన్న వెంటనే, ఉత్తరమును నమ్మక, తానే గుర్రమెక్కి గ్రీనిచ్ వేధశాలకు పోయి రాజఖగోళవేత్తకు విన్నవించెను. 1847 అక్టోబరు 1వ తేదీన అమెరికాలో నాన్‌టకెట్ ద్వీపమున మరియా మిచెల్ కనుగొన్న తోకచుక్క వార్త తపాలాలో ఆలస్యముకాగా, రెండు దినములు వెనుకగా చూచిన రోము నగరపు పండితునికి మొదట కీర్తి దక్కినది. డెన్మార్కు రాజుగారి స్వర్ణపతకము ఆమెకే చెందవలెనని తరువాత తీర్పు కాక తప్పలేదు. 1870లో ఇంగ్లండునుండి ప్రష్యా, రష్యా, పర్షియాల మీదుగా హిందూదేశమునకు తంతి మార్గము ఏర్పడిన తరువాత ఈ చిక్కులు చాలవరకు తీరినవి. ఉల్కలు రాలిన మూడవనాడే, నవంబరు 30న, వార్త పోగ్సను చేతిలో పడెను.

పోగ్సను సామాన్యుడు కాడు. చుక్కల ప్రకాశమునకు తరగతులు కట్టుటకు నేటికిని ప్రపంచమంతటను వాడుచున్న కొలమానము ఆయన 1856లో నిర్ణయించినదే. 1861లో చెన్నపట్టణమునకు వచ్చిన కొలది మాసములలోనే ఒక గ్రహశకలమును కనుగొని, ఈ ఖండమునుండి కనుగొన్న మొదటిది అగుటచేత దానికి ఏషియా అని పేరుంచెను. 1868 ఆగస్టు 18వ తేదీ సంపూర్ణ సూర్యగ్రహణమును మన మచిలీపట్టణమునుండి పరిశీలించినవాడును ఆయనయే. ఆయన సహాయకుడు చింతామణి రఘునాథాచారిగారు అదే గ్రహణమును హైదరాబాదు సంస్థానములోని వనపర్తినుండి పరిశీలించిరి. రఘునాథాచారిగారు 1867లో ఒక చరనక్షత్రమును కనుగొన్న విద్వాంసులు. ఈ తంతి వచ్చిన సంవత్సరముననే లండనులోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ సభ్యులుగా ఎన్నికైరి. రెండేండ్ల తరువాత సంభవించిన శుక్రగ్రహ సంక్రమణమును గూర్చి ఆంగ్లముననేగాక దేశభాషలలోను పుస్తకములు వెలువరించి సామాన్యులకు బోధపరచిన పుణ్యము వారిది.

కాని పాండిత్యము మబ్బును తొలగింపజాలదు. నవంబరు, డిసెంబరు నెలలు చెన్నపట్టణమున ఈశాన్య ఋతుపవనములకు పట్టు. తంతి అందిన తరువాత రెండు వేకువలు పోగ్సను ఆ చుక్కలు పైకి వచ్చు వేళ మొదలుకొని సూర్యోదయమువరకు కాచుకొనియుండెను. రెండు వేకువలను మబ్బును వానయు మింగినవి. మూడవ వేకువన, 5 గంటల 15 నిమిషముల ప్రాంతమున, మబ్బుల నడుమ కొద్ది నీలము కనబడెను. ఆ సందులో ఒక వస్తువు చిక్కెను. గుండ్రముగా, ప్రకాశముగా, నడుమ స్పష్టమైన బీజముతో నున్నది, తోక లేదు. నాలుగు నిమిషములలోనే అది ప్రక్కనున్న చుక్కతో పోల్చగా రెండున్నర సెకనుల మేర ముందుకు జరిగినది. నక్షత్రము జరుగదు. కనుక ఇది తాను వెదకుచున్న వస్తువేనని ఆయన నిశ్చయించుకొనెను. మరునాటి వేకువ ఇంకను మేలైనది. ఆనాడు తోకయు సన్నగా కనబడెను. కొలతలు మొదటినాటికంటె ఎక్కువ లభించెను. తన పత్రములందు పోగ్సను ఈ తేదీలను డిసెంబరు 2, 3 అని వ్రాసెను. ఆ కాలపు ఖగోళవేత్తలు దినమును మధ్యాహ్నమునుండి లెక్కించెడివారు. మన లెక్కకు అవి 3, 4 తేదీల తెల్లవారుజాములు.

ఇచ్చట ఆ కొలతలు ఎట్లు జరిగినవో కొంచెము చెప్పవలసియున్నది. ఆకాశమునకు నేలవలె సరిహద్దు రాళ్లు లేవు. తావు ముందే తెలిసిన నక్షత్రములే దానికి మైలురాళ్లు. తోకచుక్క ఫలానా నక్షత్రమునకు ఇంత తూర్పున, ఇంత ఉత్తరమున ఉన్నదని కొలిచి, పట్టికలో ఆ నక్షత్రపు తావును చూచి, రెండును కూడుకొందురు. ప్రక్కనున్న నక్షత్రము ఏ పట్టికలోను లేనిదైనచో, తీరిక చూచుకొని మొదట దాని తావును కొలువవలెను. మొదటి వేకువ పోగ్సనునకు దొరికినది అట్టి పేరులేని చుక్కయే. రెండవ వేకువ మాత్రము మరియొక పేరులేని చుక్కతోబాటు, వేధశాల అప్పుడు తయారుచేయుచున్న మద్రాసు పట్టికలోని నక్షత్రమొకటి, టేలరు పట్టికలోని 7734వ నక్షత్రమును ఆయనకు అక్కరకు వచ్చినవి. టేలరు అనగా ఇదే వేధశాలలో 1830 మొదలుకొని పనిచేసిన ఖగోళవేత్త. 11 వేల నక్షత్రముల తావులను కొలిచి, 1844లో అచ్చువేయించి, 1848లో గతించెను. ఆ 7734వ అంకె ఎదుట తావును వ్రాసిన నాడు, అది ఒకానొక డిసెంబరు వేకువన ఎందుకు పనికివచ్చునో ఆయన ఎరుగడు. ప్రభుత్వ కార్యాలయములలో రికార్డులు వ్రాసి భద్రపరచు పనిని చిన్నచూపు చూచువారు ఈ 7734వ చుక్కను జ్ఞప్తియందుంచుకొనుట మంచిది.

రెండు దినముల కొలతలు ముగిసినవి. ఇక మూడవది కావలెను. తోకచుక్కలలో ఎక్కువ భాగము పరవలయమునకు చాల దగ్గరి దారిలో సూర్యుని సమీపించును. అట్టి దారిని నిర్ణయించుటకు ఐదు సంఖ్యలు తెలియవలెను: సూర్యునికి ఎంత చేరువగా వచ్చును, ఏనాడు వచ్చును, దారి భూకక్ష్యకు ఎంత వాలియున్నది, దానిని ఎచ్చట ఖండించుచున్నది, దారి ఆ తలములో ఏ వైపునకు తిరిగియున్నది. దారి దీర్ఘవృత్తమైనచో ఆరవ సంఖ్య కూడ కావలెను. ఒక్కొక్క పరిశీలనవలన రెండు సంఖ్యలు మాత్రమే లభించును. ఎంత తూర్పు, ఎంత ఉత్తరము అని. దూరము తెలియదు, కంటికి దూరము కనబడదు గనుక. రెండు పరిశీలనలకు నాలుగు సంఖ్యలు. తెలియనివి ఐదు. ఇంతే కథ. 1797లో జర్మనీ వైద్యుడు ఓల్బర్సు సులభమైన పద్ధతిని చూపినాడు, 1801లో గౌసు సీరీసు గ్రహశకలము విషయమున అద్భుతము చేసినాడు. వారిద్దరి పద్ధతులకును మూడు పరిశీలనలే పునాది.

మూడవనాడు మబ్బు పట్టెను. ఆ మరునాడును వానయే. పోగ్సను చూచిన ఆ తోకచుక్కను అటుపిమ్మట ఎవరును చూడలేదు.

తాను చూచినది బీలాయేనని పోగ్సను నమ్మెను. తంతి చూపిన చోటనే దొరకినది గదా! ఆ నమ్మకము సహజమే. కాని యూరపులోని గణకులు కూడి, బీలా తన పాత దారిలో నడచుచున్నచో ఆ సంధిస్థలమును సుమారు 12 వారముల క్రిందటనే దాటిపోయి యుండవలెనని తేల్చిరి. అయిన పోగ్సను చూచినదేమి? బీలా చీలికలలో వెనుకబడిన మరియొక తునక యగునా? క్లింకర్‌ఫ్యూసు వేలు చూపిన చోటనే యాదృచ్ఛికముగా వేరొక తోకచుక్క ఉండుట సంభవమా? రెండు కొలతలతో ఈ ప్రశ్న తెగదు. పోగ్సను కొలతలలో లోపమున్నదని ఎవరును అనలేదు. ఆయన చేయవలసినదంతయు చేసెను. లెక్కకు చాలనంత ఆకాశము ఆయనకు దక్కలేదు, అంతే. ఉల్కలు మాత్రము తోకచుక్క శిథిలములేయని శాస్త్రలోకము ఈ ఘట్టముతో దృఢముగా నమ్మినది. 1885 నవంబరు 27న బీలా ఉల్కలు మరల రాలి ఆ నమ్మకమును స్థిరపరచినవి.

ఒక్క వేధశాల, ఒక్క జత కండ్లు, ఒక్క ఊరి ఆకాశము. 1872 నాటి లోపము ఇచ్చటనే యున్నది. మరియొక దక్షిణ వేధశాలకు కూడ ఆ వార్త అప్పుడే చేరి, అచ్చట ఆకాశము నిర్మలముగా ఉండియుండినచో, మూడవ కొలత చేతికి వచ్చియుండెడిది. వార్త ఒకరినుండి ఒకరికి గాక, ఒక కేంద్రమునకు చేరి అచ్చటినుండి అందరికి పోవలెనను ఏర్పాటు పది సంవత్సరముల తరువాత జర్మనీలోని కీల్ నగరమున, 1882లో, రూపొందినది. ఆ తంతులు అంకెల సంకేతములతో పోయెడివి. తంతిలో ఒక అంకె తారుమారైనను తోకచుక్క తప్పిపోవును గనుక, చివర అన్ని అంకెల మొత్తమును కూడ చేర్చెడివారు. అందుకొన్నవాడు కూడి సరిచూచుకొనును. జమాఖర్చు వ్రాయువారికి ఈ జాగ్రత్త కొత్త గాదు. తరువాత ఈ కేంద్రము కోపెన్‌హేగెనుకు, 1965లో అమెరికాలోని కేంబ్రిడ్జికి మారినది.

కేంబ్రిడ్జి పేరు వచ్చినపుడు మన హైదరాబాదు గుర్తురాక తప్పదు. బేగంపేటలోని నిజామియా వేధశాలలో పనిచేయు తండ్రిగారి చెంత పెరిగి, నిజాం కళాశాలలో చదివిన వైణు బప్పుగారు ఆ ఊరిలోని హార్వర్డు విశ్వవిద్యాలయమునకు హైదరాబాదు ప్రభుత్వ విద్యార్థివేతనముపై వెళ్లిరి. వెళ్లిన స్వల్పకాలముననే, 1949 జులైలో, ఒక ఛాయాచిత్రపు పలకపై కొత్త తోకచుక్కను గుర్తించిరి. అది బప్పు-బోక్-న్యూకర్క్ అను పేర ప్రసిద్ధమైనది. దానికై బప్పుగారికి డానహో పతకము లభించెను. దుర్భిణికి కన్ను ఆన్చి ఒంటరిగా తావులు కొలుచు కాలము అప్పటికే గతించినది. పలక భద్రముగా ఉన్నంతకాలము ఆ రాత్రి నశింపదు. ఎప్పుడైనను, ఎవరైనను మరల కొలువవచ్చును. పోగ్సనునకు లేని సౌకర్యమిది. 1899 నాటికి చెన్నపట్టణపు వేధశాల పని కొడైకెనాలుకు మారినది. బప్పుగారు 1960లో ఆ కొడైకెనాలునకే అధిపతియై, తరువాత కావలూరులో పెద్ద దుర్భిణులకు పునాది వేసిరి. నుంగంబాకపు వారసత్వము ఆ విధముగా హైదరాబాదులో పెరిగిన చేతులలోనికి వచ్చినది.

2025 జులై 1వ తేదీన దక్షిణ అమెరికాలోని చిలీ దేశమున అట్లాస్ అను స్వయంచాలక దుర్భిణి ఒక వస్తువును పట్టెను. కొత్త వస్తువు కనబడగనే పరిశోధకులు ఇప్పుడు రేపటి రాత్రికై కాచుకొనుటతో సరిపెట్టుకొనరు. నిన్న మొన్నటి చిత్రములను తిరగవేయుదురు. ఆ వస్తువు జూను నెల చిత్రములలోనే, ఎవరును గుర్తింపకయే, పడియుండెను. ఆ పాత తావులను చేర్చగానే దారి తేలినది. అది సూర్యకుటుంబమునకు చెందినది కాదు, నక్షత్రాంతరములనుండి వచ్చి తిరిగిరాక పోవుచున్నదని మరునాటికే లోకమునకు ప్రకటించిరి. కావలసిన రాత్రులు ఈ విధముగా గడచిపోయిన కాలమునుండియు దొరకవచ్చును. మన దేశములో హనుమకొండలోనైనను, ఢిల్లీలోనైనను, చిన్న దుర్భిణియు కెమెరాయు కలవారు కొలిచి పంపిన తావులను కూడ ఇప్పటి కేంద్రములు నియమానుసారము స్వీకరించుచున్నవి. తావు సరిగా ఉన్నదా, వేళ సరిగా ఉన్నదా అనునంతవరకే వారి విచారణ.

పోగ్సను తోకచుక్క మాత్రము ఈ భాగ్యమునకు నోచుకొనలేదు. తోకచుక్కలకు నేడిచ్చు అధికారిక సంకేతములలో దాని పేరు ఎక్స్ 1872 ఎక్స్ 1. మొదటి ఎక్స్ నమ్మదగిన కక్ష్యను గణింప వీలుకాని తోకచుక్కలకు పెట్టిన గుర్తు. రెండవది డిసెంబరు మొదటి పక్షమునకు కేటాయించిన అక్షరము. ఆ పక్షమున కనుగొన్న తోకచుక్క ఏదైనను ఆ అక్షరమునే పొందును.